చెవి సాక్ష్యం: ఖరీదైన సీడీ ప్లేయరూ, టోలిచౌకి హాలూ

ఖరీదైన సీడీ ప్లేయర్‌ను కొత్తగా ఇంటికి తెచ్చుకున్న శ్రోతలు తమ అనుభవాన్ని చెప్పేటప్పుడు వాడే మాటలు ఎక్కడైనా దాదాపు ఒక్కలాగే ఉంటాయి: గొంతు ముందుకొచ్చి నిలబడిందనీ, వాయిద్యాలు ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా వినిపిస్తున్నాయనీ, ఇన్నాళ్లూ స్పీకర్లకు కప్పి ఉన్న దుప్పటిని ఎవరో లాగేసినట్టుందనీ, ఎన్నోసార్లు విన్న పాటలోనే ఇంతవరకు తెలియని గజ్జెల సవ్వడి ఒకటి బయటపడిందనీ చెబుతారు. ఈ మాటల్లో అబద్ధమేమీ లేదు. వినిపించినదాన్ని వినిపించినట్టే చెబుతున్నారు. చిక్కంతా ఆ తరువాత వచ్చే వాక్యంలో ఉంది. ఇదంతా ఆ యంత్రం మహిమే అనడం అనుభవం కాదు, నిర్ధారణ. అనుభవానికి చెవి సాక్ష్యం చాలు గాని, నిర్ధారణ దాకా వెళ్లాలంటే ఆ సాక్షిని బోనులో నిలబెట్టి నాలుగు అడ్డప్రశ్నలు వేయక తప్పదు.

హైదరాబాదులో ఆ ప్రశ్నలు వేయడానికి టోలిచౌకి మంచి చోటు. దీనికి ఒకవైపు గోల్కొండ కోటా, కుతుబ్‌షాహీ సమాధులూ ఉంటే, మరోవైపు షేక్‌పేట దాటగానే ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ గుట్టలు మొదలవుతాయి. తెలుగు సినిమా పరిశ్రమ కొన్ని దశాబ్దాల పాటు అంచెలంచెలుగా మద్రాసు నుంచి తరలివచ్చి ఈ గుట్టల మీద స్థిరపడటంతో రామానాయుడు, అన్నపూర్ణ, పద్మాలయా వంటి స్టూడియోలతో పాటు డబ్బింగ్ థియేటర్లూ మిక్సింగ్ గదులూ ఇక్కడే వెలిశాయి. టోలిచౌకిలోనేమో గల్ఫ్ దేశాల్లో పనిచేసి వచ్చిన కుటుంబాలు ఎక్కువ కాబట్టి, టేప్‌రికార్డర్ల కాలం నుంచీ మంచి జపాన్ సామాను ఆ ఇళ్లకు కొత్త కాదు. శబ్దం ఎలా ఉండాలో తేల్చే గదులూ, ఆ శబ్దాన్ని సోఫాలో కూర్చుని వినే హాళ్లూ ఇంత దగ్గరదగ్గరగా ఉన్న ప్రదేశాలు దేశంలో ఎన్నో లేవు. రెండింటికీ మధ్య ఉన్నది నాలుగు కిలోమీటర్ల రోడ్డూ, 12 సెంటీమీటర్ల వ్యాసమున్న ఒక ప్లాస్టిక్ బిళ్లా మాత్రమే.

ఆ బిళ్లలో ఉన్నది పాట కాదు, అంకెలు. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి 1980లో ఖాయం చేసిన ప్రమాణం ప్రకారం, శబ్దపు అలను సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 65,536 మెట్లున్న నిచ్చెన మీద ఏదో ఒక మెట్టుగా రాసుకుంటారు. ఆ మెట్టును చెప్పడానికి 16 ద్వియాంశాలు, అంటే సున్నా గాని ఒకటి గాని అయ్యే 16 గుర్తులు కావాలి. కుడి ఎడమల రెండు వాహినులనూ లెక్కేస్తే సెకనుకు 14 లక్షల 11 వేల 200 గుర్తులు తేలతాయి. ఒకప్పుడు ఒక్క డిస్కులో నూటయాభై పాటలని అమ్మిన ఎంపీత్రీ సీడీల్లో చాలావాటికి సెకనుకు లక్షా 28 వేల గుర్తులే ఉండేవి. వాటితో పోల్చితే ఆడియో సీడీలో ఎంత సరుకుందో దీన్నిబట్టే తెలుస్తుంది. 44,100 అన్న వింత సంఖ్య ఎక్కడిదంటే, అప్పట్లో ఇన్ని అంకెలను దాచుకోగల సాధనం వీడియో టేపే. సెకనుకు 60 క్షేత్రాలు, అంటే 60 సగం బొమ్మలు, క్షేత్రానికి 245 గీతలు, గీతకు మూడేసి కొలతలు పెడితే వచ్చే లబ్ధం సరిగ్గా 44,100. అంటే టీవీ బొమ్మ కోసం పుట్టిన లెక్క పాట మెడకు చుట్టుకుంది.

ఈ గుర్తులన్నీ డిస్కు లోపలి అంచున మొదలై బయటికి సుళ్లు తిరిగే ఒకే ఒక్క బాట వెంట గుంటలుగా అచ్చుపడి ఉంటాయి. బాటకూ బాటకూ నడుమ ఎడం మిల్లీమీటరులో వెయ్యోవంతుకు కాస్త పైన, 1.6 మైక్రోమీటర్లు, తల వెంట్రుక ఒకటి అడ్డంగా పడితే దాని కింద సుమారు 40 వరసలు పట్టేస్తాయి. 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న లేజర్ కిరణం, కంటికి ఆనీ ఆనని ఎరుపు అంచున ఉండే వెలుగు, ఈ బాటను కిందినుంచి చదువుతుంది. చదివే వేగం ఎప్పుడూ ఒక్కలాగే ఉండాలి కాబట్టి, లోపలి అంచున నిమిషానికి 500 చుట్లు తిరిగే డిస్కు బయటి అంచుకు చేరేసరికి సుమారు 200 చుట్లకు నెమ్మదిస్తుంది. కిరణం డిస్కు పైతలాన్ని తాకేచోట ముప్పాతిక మిల్లీమీటరుకు పైగా వెడల్పుండి, 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్‌ను దాటి గుంటలను చేరేసరికి సూదిమొనంత బిందువుగా మారుతుంది; అందుకే మెరిసే వైపున పడ్డ దుమ్మూ చిన్న గీతలూ దానికి అంతగా అడ్డురావు. ఇళ్లలో జరిగే పొరపాటు దీనికి సరిగ్గా విరుద్ధంగా ఉంటుంది. మెరిసే వైపు పాడవకూడదని డిస్కును బోర్లించి పెడతారు. బొమ్మ అచ్చువేసిన వైపున గుంటల మీద ఉన్నది పలుచని లోహపు పూతా, దాని మీద లక్క వంటి ఒక పొరా మాత్రమే కాబట్టి, టీపాయ్ మీద ఇసుక రేణువు ఒక్కటి చాలు, పాట శాశ్వతంగా పోవడానికి.

మెరిసే వైపు గీతలు పడినా పాట చెడకుండా కాపాడే ఏర్పాటు సీడీ రూపకర్తల అసలైన ప్రతిభ. ప్రతి 24 బైట్ల సంగీతానికి 8 బైట్ల కాపలా గుర్తులను జోడించి, ఆపైన ఆ మొత్తాన్ని వరస తప్పించి డిస్కు మీద దూరదూరంగా పంచుతారు. అష్టావధానం చూసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు: అవధాని ఒక పృచ్ఛకుడికి ఒక పాదం చెప్పి, ఇంకొకరి దగ్గరికి వెళ్లి, మళ్లీ తిరిగొచ్చి రెండో పాదం చెబుతాడు, నడుమ అప్రస్తుత ప్రసంగి ఎంత అల్లరి చేసినా ఒక్కో పద్యంలో ఒక్కో పాదం దగ్గరే ఆ దెబ్బ తగులుతుంది గాని, ఏ పద్యమూ మొత్తంగా కూలిపోదు, చివర ధారణలో అన్నీ వరసగా కూడుకుంటాయి. డిస్కు మీద గీత కూడా అలాంటి అప్రస్తుత ప్రసంగమే. అది తినేసిన గుర్తులు ఒకచోటివి కావు, పలుచోట్లవి. మిగిలినవాటి సాయంతో పోయినవాటిని లెక్కగట్టి తిరిగి రాబట్టవచ్చు. బాట వెంట రెండున్నర మిల్లీమీటర్ల మేర గుర్తులు చెరిగిపోయినా ఈ పద్ధతిలో ఒక్క అంకె కూడా తేడా లేకుండా తిరిగి వస్తాయి. అంతకు మించి పోతేనే యంత్రం అటూ ఇటూ ఉన్న కొలతలను చూసి మధ్యదాన్ని ఊహిస్తుంది, అదీ కుదరకపోతే మౌనం వహిస్తుంది లేదా పాట పట్టేస్తుంది. సీడీని తుడిచేటప్పుడు గుండ్రంగా కాక నడిమి నుంచి అంచుకు తుడవమనేది కూడా ఇందుకే: గుడ్డలో చిక్కిన రేణువు బాటకు అడ్డంగా గీస్తే దిద్దుకోవచ్చు, బాట వెంబడి గీస్తే దిద్దుబాటుకు అందదు.

దీనివల్ల తేలే విషయం ఖరీదైన యంత్రాల ప్రకటనలకు కొంత ఇబ్బంది కలిగించేది. బాగున్న డిస్కు నుంచి అంకెలు రాబట్టడంలో ఐదువేల యంత్రానికీ ఐదు లక్షల యంత్రానికీ తేడా ఉండదు. కంప్యూటర్‌లోని చవక డ్రైవుతో ఒకసారి, మేటి డ్రైవుతో ఒకసారి అదే పాటను నకలు తీసి పోల్చితే, లక్షలాది అంకెల్లో ఒక్కటీ తేడా రాని సందర్భాలే ఎక్కువ. ఇనుప దిమ్మెలా బరువైన పెట్టె, డిస్కును పళ్లెంలో అదిమిపట్టే యంత్రాంగం, ట్రే బయటికొచ్చేటప్పటి మెత్తని కదలిక, ఇవన్నీ చేతికి ఆనందాన్నిచ్చేవే. గదిలో మోటారు రొద వినబడకుండా చేసేవీ, ఏళ్ల తరబడి మన్నేవీ కూడా. అంకెల మీద మాత్రం వాటి ప్రభావం ఉండదు.

అయితే అంకెలు వినిపించవు. వాటిని తిరిగి విద్యుత్తు అలగా మార్చాలి. యంత్రానికీ యంత్రానికీ తేడా రావడానికి అసలు ఆస్కారం ఇక్కడే ఉంది. ఇక్కడొక అపోహ చాలాకాలంగా పాతుకుపోయింది. సెకనుకు 44,100 చోట్ల మాత్రమే కొలిచినప్పుడు, కొలతకూ కొలతకూ నడుమ ఉన్న అల పోయినట్టే కదా, అందుకే సీడీ శబ్దం మెట్లుమెట్లుగా గరుకుగా ఉంటుందని కొందరు వాదిస్తారు. చుక్కల ముగ్గు వేసే చేతికి దీని జవాబు తెలుసు. చుక్కలు పెట్టాక గీత ఎలాగైనా పోవచ్చుననుకుంటే ముగ్గులు వేలకొద్దీ ఉంటాయి. గీత ఇంతకంటే చురుగ్గా వంపు తిరగకూడదని ఒక్క నియమం పెడితే, ఆ చుక్కలన్నిటి గుండా పోయే ముగ్గు ఒక్కటే మిగులుతుంది. శబ్దంలోనూ అంతే. అలలోని అత్యధిక పౌనఃపున్యం, అంటే సెకనుకు అది ఊగే సార్లు, కొలతల సంఖ్యలో సగానికి లోబడి ఉన్నంతవరకూ ఆ కొలతల గుండా పోగల అల ఒక్కటే ఉంటుంది. నడుమ పోయిందేమీ లేదు. నైక్విస్ట్ 1928లో దారి చూపగా, కొతెల్నికోవ్ 1933లోనూ షానన్ 1949లోనూ విడివిడిగా గణితపరంగా నిలబెట్టిన సూత్రమిది. 44,100లో సగం 22,050. మనిషి చెవికి హద్దు పసితనంలో సుమారు 20,000 హెర్ట్జ్, నడివయసు దాటాక చాలామందిలో 14 వేలు, అంతకంటే తక్కువ. లక్షలు పోసి సీడీ ప్లేయర్ కొనగల స్తోమత సాధారణంగా ఏ వయసుకు వస్తుందో గుర్తుచేసుకుంటే ఈ లెక్కలోని చమత్కారం బోధపడుతుంది.

నియమం సులభమే గాని, దాన్ని అమలుచేసే వడపోత సులభం కాదు. 20,000 దాకా ఏమీ తగ్గకుండా వదిలి, 22,050 దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా ఆపెయ్యాలి. 1982 అక్టోబరు 1న జపాన్‌లో విడుదలైన తొలి సీడీ ప్లేయర్ సోనీ సీడీపీ-101 ఈ పనిని నిలువుగోడ వంటి విద్యుత్ వడపోతతో చేయగా, ఫిలిప్స్ తన తొలి యంత్రంలో 14 ద్వియాంశాల చిప్పునే వాడి, కొలతల సంఖ్యను లెక్కల ద్వారా నాలుగింతలు చేసి వడపోత పనిని తేలిక చేసింది. కాలం ఫిలిప్స్ దారినే ఒప్పుకుంది. ఇప్పటి యంత్రాలన్నీ ఇంచుమించు ఆ తోవలోనివే. 1,68,000 యెన్ల ఆ సోనీ యంత్రంలో రెండు వాహినులకూ మార్పిడి చిప్పు ఒక్కటే ఉండటం వల్ల, కుడి ఎడమల మధ్య సెకనులో పదిలక్షల వంతులు పదకొండు ఆలస్యం ఏర్పడేది. వినడానికి ఘోరంగా తోచే ఈ లోపాన్ని దూరంలోకి మార్చితే, ఒక స్పీకరును నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి జరిపినంత. ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు తగిలినా అంతకంటే ఎక్కువే జరుగుతుంది.

కొలతలను సరైన అంకెగా ఇస్తే చాలదు, సరైన క్షణాన ఇవ్వాలి. యంత్రంలోని స్ఫటిక గడియారం వేసే తాళానికి కొలతలు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఆ తాళం రవ్వంత ముందూ వెనకా అయితే అల ఆకారం చెదురుతుంది. దీన్నే జిట్టర్ అంటారు, సరళంగా తాళం తొట్రుపాటు అనుకోవచ్చు. మేటి యంత్రాల గురించిన రాతల్లో ఎక్కువ భయం పుట్టించే మాట ఇదే. బెంజమిన్, గానన్ అనే ఇంజనీర్లు 1998లో ప్రకటించిన పరీక్షల్లో, పరీక్ష కోసం ప్రత్యేకంగా తయారుచేసిన శుద్ధ నాదంలో సైతం తొట్రుపాటు సెకనులో వందకోట్ల వంతులు పది దాకా పెరిగితే గాని చెవి పట్టలేకపోయింది. 2005లో అషిహారా బృందం జపాన్‌లో చేసిన పరీక్షల్లో మామూలు సంగీతంలో అది వందల వంతులైనా శ్రోతలు గుర్తించలేకపోయారు. సవ్యంగా తయారైన సాధారణ యంత్రంలోనే ఇది ఒక వంతుకు లోపో, దాని దరిదాపుల్లోనో ఉంటుంది. రూపాయి తూకం సరిగా ఉందా అని అడగవలసిన చోట, దాని మీద సింహం మీసం వెంట్రుకలు లెక్కపెట్టడం వంటి పని ఇది.

అప్పుడు దుప్పటి లాగేసినట్టున్న ఆ అనుభవం ఎక్కడిది? అడ్డప్రశ్నల్లో మొదటిది చాలా చిన్నది: రెండు యంత్రాలూ ఒకే గట్టిదనంతో వాయించాయా? సీడీ ప్లేయర్ నుంచి వచ్చే గరిష్ఠ వోల్టేజీ సాధారణంగా 2 వోల్టులు. కొన్ని ఖరీదైన యంత్రాలు 2.3, 2.5 వోల్టులు ఇస్తాయి. 2కూ 2.3కూ తేడా 1.2 డెసిబెల్. శబ్దపు గట్టిదనాన్ని కొలిచే ఈ మానంలో అంత తేడా వస్తే, చెవి దాన్ని గట్టిగా ఉందని గుర్తించదు, బాగుందని గుర్తిస్తుంది. గొంతు ముందుకొచ్చినట్టూ, మృదంగం కింది నాదం నిండుగా ఉన్నట్టూ, ఇంతవరకు తెలియని గజ్జెలు తెలిసినట్టూ అనిపించేది సరిగ్గా ఇలాంటప్పుడే. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపినట్టు, శబ్దం పెరిగేకొద్దీ చెవి మంద్ర స్వరాలను తగిన పాళ్లకు మించి అందుకుంటుంది కాబట్టి, వాల్యూమ్ కొంచెం ఎక్కువైన యంత్రానికి బేస్ కూడా మెరుగైనట్టే తోస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో కొన్ని వందలకు దొరికే మల్టీమీటరు ఒకటి తెచ్చి, స్థిరమైన నాదమున్న పరీక్ష డిస్కును రెండింటిలోనూ పెట్టి, స్పీకరు తీగల దగ్గర వోల్టేజీ దశాంశం కూడా తేడా లేకుండా సరిచూస్తే చాలు, లక్షల విలువైన వాదాలు అనేకం అక్కడే ముగుస్తాయి. చిత్రమేమిటంటే, యంత్రానికి ఎంతైనా పెట్టేవారు ఆ మల్టీమీటరు కొనడానికి మాత్రం వెనకాడతారు.

రెండో అడ్డప్రశ్న, ఏది మోగుతున్నదో చూడకుండా చెప్పగలరా అనేది. వాల్యూమ్ సరిచేసి, యంత్రాలను తెర వెనక పెట్టి, నాణెం ఎగరేసి ఏది వినిపించాలో తేల్చి, ఆ సంగతి శ్రోతకే కాక గదిలో ఉన్నవారెవరికీ తెలియకుండా పదహారు సార్లు అడగాలి. ఊరికే ఊహించి చెప్పినా సగం ఒప్పులు పడతాయి; పదహారింటిలో పన్నెండు లేదా అంతకుమించి గుడ్డిగా ఒప్పయ్యే అవకాశం నూటికి నాలుగు కంటే తక్కువ కాబట్టి, పన్నెండు తెచ్చుకున్న చెవిని గౌరవించక తప్పదు. 2007లో మేయర్, మోరన్ అమెరికాలోని ఆడియో ఇంజనీర్ల సంఘం పత్రికలో ప్రచురించిన పరీక్షలో, సీడీ కంటే ఎంతో సూక్ష్మమైన రికార్డింగులను నేరుగా ఒకసారి, సీడీ ప్రమాణానికి కుదించి ఒకసారి వినిపించి 554 సార్లు అడిగితే, 276 సార్లు సరైన జవాబు వచ్చింది. అది నాణెం ఎగరేసినంత. పరీక్షలో పాల్గొన్నవారిలో వృత్తిరీత్యా శబ్దంతో బతికేవారూ ఉన్నారు.

ఈ ఫలితాన్ని పట్టుకుని యంత్రాలన్నీ ఒక్కటేనని తీర్మానించడం కూడా తొందరపాటే. కొన్ని ఖరీదైన సీడీ ప్లేయర్లు నిజంగానే వేరుగా వినిపిస్తాయి, చూడకుండా కూడా గుర్తుపట్టవచ్చు. కొలతల సంఖ్య పెంచే మెట్టును కావాలని వదిలేసిన యంత్రాల్లో 10,000 హెర్ట్జ్ దగ్గర ముప్పావు డెసిబెల్, 20,000 దగ్గర 3 డెసిబెల్‌లు తగ్గుతాయి. యువకుల చెవికి అది తాళాల మెరుపు తగ్గి మెత్తబడినట్టు తెలుస్తుంది. చివరి అంచెలో పాతకాలపు వాల్వులను పెట్టినవి ప్రతి స్వరానికీ దాని పై స్థాయి స్వరాన్ని పిసరంత కలుపుతాయి, అది గొంతుకు నిండుదనం తెచ్చినట్టుంటుంది. ఈ రెండూ అందమైన లోపాలు. డిస్కులో లేనిదాన్ని కలిపో, ఉన్నదాన్ని తగ్గించో అవి ఆ రుచిని తెస్తాయి. సూటిగా చెప్పాలంటే, ఎక్కువ ధర పెట్టిన సీడీ ప్లేయర్ మామూలుదానికంటే కొట్టొచ్చినట్టు వేరుగా వినిపిస్తే మొదట పుట్టవలసింది పరవశం కాదు, అనుమానం.

మామూలుగా యంత్రాల మధ్య తేడాలు డెసిబెల్‌లో పదోవంతుల్లో తిరుగుతుంటే, వాటిని పెట్టిన హాలు పదేసి డెసిబెల్‌ల తేడాలు తెస్తుంది. గోల్కొండలో ఫతే దర్వాజా గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు దాదాపు కిలోమీటరు దూరంలో, ఎత్తున ఉన్న బాలా హిస్సార్ దగ్గర వినబడతాయన్నది కోట చూసినవారందరికీ తెలిసిందే. అక్కడ పనిచేసేది రాతి కమానుల వంపే. ఆ కోటకు కూతవేటు దూరంలోని టోలిచౌకి ఫ్లాట్లలోనూ అదే చప్పట్ల పరీక్ష చేయవచ్చు. కింద తాండూరు బండలు గాని మార్బుల్ గాని, నాలుగువైపులా సిమెంటు గోడలు, పైన స్లాబు ఉన్న హాల్లో, సోఫాలు రాకముందు ఒక్క చప్పట కొడితే అది ఒక్కటిగా ఆగదు. ఎదురెదురు గోడల మధ్య అది బంతిలా కొట్టుకుని సన్నని ట్రర్ర్‌మన్న చప్పుడుతో తెగుతుంది. పాటలోని ప్రతి తబలా దెబ్బకూ, ప్రతి సకారానికీ ఆ తోక అంటుకుంటుంది. గొంతు గుచ్చుకుంటోందని ప్లేయర్‌ను మార్చేవారు నిజానికి మార్చవలసింది నేలను. స్పీకరుకూ శ్రోతకూ మధ్య ఒక దళసరి తివాచీ, వెనక గోడకు పుస్తకాల అల్మరా, కిటికీకి బరువైన తెరలు పడ్డాక అదే గొంతు అదే యంత్రంలోనే నెమ్మదిస్తుంది.

మంద్ర స్వరాల కథ ఇంకా విచిత్రం. 14 అడుగుల పొడవూ 11 అడుగుల వెడల్పూ 10 అడుగుల ఎత్తూ ఉన్న హాల్లో, గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకునే అల తన మీద తానే పేరుకునే స్వరాలు వరసగా సుమారు 41, 52, 57 హెర్ట్జ్. ఆ స్వరాలు వచ్చినప్పుడల్లా గోడ పక్కనున్న సోఫాలో శబ్దం పది డెసిబెల్‌లు ఉబ్బుతుంది, గది నడుమ కుర్చీలో దాదాపు మాయమవుతుంది. అందువల్ల ఒకే యంత్రంలో ఒకే పాటను ఒకేసారి వింటున్న ఇద్దరు అన్నదమ్ములు, ఒకరు సోఫాలోనూ ఒకరు కుర్చీలోనూ కూర్చుని, బేస్ బాగుందనీ బేస్ లేదనీ నిజాయితీగానే పోట్లాడుకోగలరు. ఫిల్మ్‌నగర్ మిక్సింగ్ గదుల్లో గోడలను వాలుగా కట్టి, మూలల్లో శబ్దాన్ని పీల్చే దిమ్మెలు పెట్టి, వింటున్న ఇంజనీరు కూర్చునే చోటును ముందుగానే లెక్కగట్టి స్థిరపరచేది ఇందుకే.

నిశ్శబ్దం సంగతి కూడా చూడాలి. సీడీలోని 16 ద్వియాంశాలు, ఒక్కొక్కదానికి 6 డెసిబెల్‌ల చొప్పున, అతి మెల్లని శబ్దానికీ అతి గట్టి శబ్దానికీ మధ్య 96 డెసిబెల్‌ల ఎడమిస్తాయి. టోలిచౌకి ప్రధాన రహదారికి దూరంగా, అర్ధరాత్రి దాటాక, ఫ్యాను ఆపిన గదిలో కూడా నేపథ్యపు చప్పుడు 30 డెసిబెల్‌లు ఉంటుంది; దానికి 96 కలిపితే 126, అంటే చెవికి నొప్పి పుట్టే స్థాయి. సీడీ ఇవ్వగల నిశ్శబ్దాన్ని పూర్తిగా ఇంట్లో వాడుకోవడం కుదరదు. మే నెలలో ఫ్యాను ఆపి సంగీతం వినేవారి నిష్ఠను శంకించనక్కరలేదు గాని, అలా వినేవారు చాలా తక్కువ. ఫ్యాను తిరుగుతుండగా, 16 చాలవంటూ 24 ద్వియాంశాల గురించి చర్చించేవారు ఎక్కువ.

ఇక డిస్కు మీదికి ఏం ఎక్కిందన్న ప్రశ్న మిగిలింది, మిగతా అన్నిటికంటే బరువైనది ఇదే. 1957 నాటి మాయాబజార్ పాటలు ఆ రోజుల్లో నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డుల మీదా, సినిమా ఫిల్ము అంచున వెలుగునీడల గీతగా అచ్చుపడే శబ్దమార్గంలోనూ లోకంలోకి వచ్చాయి. 8,000 హెర్ట్జ్ పైన ఆ ఫిల్ము గీతలో చెప్పుకోదగ్గదేమీ మిగలదు, థియేటర్లు కూడా ఆ పైభాగాన్ని కావాలనే తగ్గించి వినిపించేవి. అటువంటి మూలం నుంచి వచ్చిన ఘంటసాల పాటను సీడీలో విన్నప్పుడు, మేటి యంత్రం చేయగలిగిందల్లా ఉన్నదాన్ని ఉన్నట్టు అందించడమే; లేని పై స్థాయిని పుట్టించడం ఏ యంత్రానికీ చేతకాదు. పైగా చిటపటలనూ బుసనూ తీసేయడానికి కంప్యూటరు వాడిన డిస్కుల్లో, పల్లవి ముగిసి గొంతు సన్నగిల్లే చోట చెవిపెట్టి వింటే, నీళ్ల కింద ఎవరో గుసగుసలాడుతున్నట్టు ఒక చిలిపిలి చప్పుడు తెలుస్తుంది. అది బుసతో పాటు గొంతులోని గాలిని కూడా కోసేసిన కత్తెర గుర్తు. అది డిస్కులోనే ఉంది. ఎంత మంచి ప్లేయరైతే అంత బాగా వినబడుతుంది. 2010లో ఇదే చిత్రాన్ని హైదరాబాదు సంస్థ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగుల్లోకి మార్చి విడుదల చేసినప్పుడు శబ్దాన్ని కూడా డీటీఎస్‌కు మలచవలసి వచ్చింది. ఆ పనిలో వినికిడి జ్ఞానమున్న మనిషి తీసుకునే నిర్ణయాలకు ఏ మార్పిడి చిప్పూ ప్రత్యామ్నాయం కాలేదు.

1980 నాటి శంకరాభరణం దీనికి మరో కొస. అయస్కాంత టేపు మీద, వాద్యగాళ్లు ఒకరినొకరు వింటూ వాయించిన కాలానిది. బాలసుబ్రహ్మణ్యం పల్లవి ఎత్తుకునే ముందు తీసే ఊపిరీ, మృదంగం తొప్పి మీద అరచేయి ఆనినప్పుడు తెగే నాదమూ ఆ టేపుల్లో మిగిలాయి. సీడీ ప్లేయర్ల పోలికకు ఇటువంటి డిస్కులే పనికొస్తాయి, ఎందుకంటే వీటిలో మెల్లని చోట్లూ గట్టి చోట్లూ రెండూ ఉన్నాయి.

1990ల నుంచి ప్రపంచమంతటా పాట పక్క పాటకంటే గట్టిగా ఉండాలన్న పోటీ మొదలై, తెలుగు సినిమా పాటనూ తాకింది. శిల్పకళావేదిక వంటి చోట్ల ఆడియో ఫంక్షన్లు జరిగి, వేదిక మీద తొలి సీడీ చేతులు మారే రోజుల్లోనే ఈ ధోరణి ముదిరింది. సీడీలు కొనేవారు తగ్గి అదే సభకు ప్రీ రిలీజ్ ఈవెంట్ అని పేరు మారేనాటికి అది అలవాటైపోయింది. డిస్కులో రాయగల అతి పెద్ద అంకెకు పైన ఇంకో అంకె లేదు కాబట్టి, పాటను అదేపనిగా గట్టిచేస్తే డప్పు దెబ్బల శిఖరాలను నరికి చదును చేయడం తప్ప వేరే దారి ఉండదు. ఒకే పాట పాత ముద్రణ సీడీనీ, పదిహేనేళ్ల తరువాత మెరుగుపరచామని చెప్పి వేసిన సీడీనీ కంప్యూటరులోకి ఎక్కించి గీతగా చూస్తే, మొదటిది గుట్టలూ లోయలూ ఉన్న షేక్‌పేట దారిలా, రెండోది కొత్తగా రోలరు తొక్కిన తారు రోడ్డులా కనబడటం అరుదేమీ కాదు. ఈ రెండింటినీ వరసగా పెడితే రెండోదే బాగుందని తొలుత అందరూ అంటారు. మల్టీమీటరు పెట్టి వాల్యూమ్ సమానం చేసి మళ్లీ వినిపిస్తే, రెండు చరణాలు గడిచేసరికి రెండో డిస్కుకు చెవి అలసిపోతుంది, మొదటి డిస్కులో డప్పు మీద కర్ర పడిన చోటు విడిగా తెలుస్తుంది. ఇందుకు ఐదు లక్షల ప్లేయర్ అక్కరలేదు. బీరువా అడుగున పడివున్న పాత డిస్కు చాలు, దాన్ని ఇన్నేళ్లూ ఎవరూ బోర్లించి పెట్టకుండా ఉంటే.